అమృతం హోటలూ, అవ్వ ప్రశ్నా

ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి కాగజ్‌నగర్ నుంచి వచ్చింది. రాసినది ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి. వాళ్ల బడి వార్షికోత్సవానికి పిల్లలే ఒక హాస్య నాటిక రాసి వేశారట. అందులో ఒక యజమాని, ఆయన చుట్టాలు, ఒక నౌకరు. అందరూ పాఠ్యపుస్తకంలో లాగా మాట్లాడతారు. నౌకరు ఒక్కడే "గిట్ల, గట్ల" అంటాడు. వాడు నోరు తెరిచినప్పుడల్లా జనం విరగబడి నవ్వారు. నాటికకు బహుమతి కూడా వచ్చింది.

ఆ రాత్రి ఇంటికి పోయాక అవ్వ అడిగిందట: "నేను గూడ గట్లనే మాట్లాడత గద బిడ్డా. అండ్ల నవ్వేటందుకు ఏమున్నది?"

అమ్మాయి జవాబు చెప్పలేకపోయింది. "మేము టెలివిజన్‌లో హాస్య ధారావాహికలు చూసే నాటిక రాశాము. ఎక్కడ పొరపాటు చేశామో చెప్పండి," అని మమ్మల్ని అడిగింది.

చెబుతాము. కాని ముందు ఆ ధారావాహికలు ఎలా అల్లుతారో కొంచెం చూడాలి.

పిల్లలూ, మీ అమ్మనో నాన్ననో "అమృతం" గురించి అడిగి చూడండి. వాళ్ల మొహం మీద నవ్వు దానంతట అదే వస్తుంది. గుణ్ణం గంగరాజుగారు తయారుచేసిన ఈ ధారావాహిక 2001 నవంబరు 18న జెమినీ టీవీలో మొదలై, 2007 నవంబరు దాకా ఆదివారం రాత్రుళ్లు సాగింది. మొత్తం 313 భాగాలు! అమృతరావు, అతని మిత్రుడు ఆంజనేయులు కలిసి "అమృత విలాస్" అనే హోటలు నడుపుతుంటారు. వాళ్ల భార్యలు సంజీవిని, శాంత. ఇంటి యజమాని అప్పాజీ. హోటల్లో వడ్డించేవాడు సర్వం. ఈ కొద్దిమందే, ఆ ఇళ్లూ ఆ హోటలే. ఆరేళ్లపాటు కథలు ఎలా పుట్టాయి?

రహస్యం ఏమిటంటే, వీళ్లలో ఒకరిని విడిచి మరొకరు పోలేరు. భాగస్వామిని వదిలితే హోటలు నడవదు. ఇంటాయనతో తగువు పడితే ఇల్లు ఖాళీ చెయ్యాలి. భార్యాభర్తల సంగతి చెప్పనే అక్కర్లేదు. పడనివాళ్లు ఎవరి దారిన వాళ్లు పోతే కథ లేదు. పోలేక ఒకే చూరు కింద ఉంటేనే కథ.

ఈ ఏర్పాటు మనవాళ్లకే తోచినది కాదు. 1951 అక్టోబరులో అమెరికాలో "ఐ లవ్ లూసీ" అనే ధారావాహిక మొదలయింది. అందులోనూ రెండు జంటలే. రెండో జంట మొదటి జంటకు ఇరుగుపొరుగూ, ఇంటి యజమానులూ కూడాను! లూసీ అనే గృహిణికి తన భర్తలాగా రంగం ఎక్కి పేరు తెచ్చుకోవాలని కోరిక. ప్రతిసారీ ఏదో ఎత్తు వేస్తుంది, ప్రతిసారీ బోర్లా పడుతుంది. అమృతరావుకూ అంతే. పేరూ డబ్బూ కావాలి, అదీ రేపటికల్లా.

అమృతరావు వేషాన్ని ఆరేళ్లలో ముగ్గురు వేశారు: శివాజీరాజా, తరవాత నరేష్, ఆ తరవాత హర్షవర్ధన్. మొహం మారింది గాని జనం చూడటం మానలేదు. మనిషి మారినా అమృతరావు ఆత్రం మారలేదు గదా! ఆంజనేయులు వేషంలో మాత్రం గుండు హనుమంతరావుగారు కడదాకా ఉన్నారు. ఆయన 2018లో చనిపోయారు. 2014లో గంగరాజుగారు ఈ మనుషులనే సినిమాలోకి తీసుకుపోయి, హోటలును ఏకంగా చంద్రమండలం ఎక్కించారు. అక్కడా వీళ్లు వీళ్లే.

ఇక ఒక భాగాన్ని ఎలా అల్లుతారో చూద్దాము. సాధారణంగా అరగంటలో ప్రకటనలు పోగా దొరికేది సుమారు 22 నిమిషాలు. మనమే ఒక కథ కట్టి చూద్దామా? కాగజ్‌నగర్ స్టేషను దగ్గర ఒక టిఫిన్ హోటలు ఉన్నదనుకోండి. యజమానికి తన హోటలు పేరు పేపర్లో పడాలని ఆశ. ఒకనాడు ఎవరో విలేఖరి మారువేషంలో వస్తున్నాడని వింటాడు. రైలు దిగి చంకన సంచీతో వచ్చిన మొదటి మనిషే విలేఖరి అనుకుంటాడు. నిజానికి ఆయన ఏదో పెళ్లికి పోతూ దారి తప్పిన పెద్దమనిషి. యజమాని ఆయనకు ఇడ్లీ, దోశ, పూరీ, మళ్లీ ఇడ్లీ పెడుతుంటాడు. ఆ పెద్దమనిషికి ఇది ఆడపెళ్లివారి మర్యాద కాబోలునని సంతోషం!

అసలు విలేఖరి మూలబల్ల దగ్గర మంచినీళ్లకోసం ఎదురుచూస్తుంటాడు. నీళ్లిచ్చే కుర్రవాడికి ఆయన ఎవరో తెలుసు. "సేటూ, గాయన..." అంటాడు. "నడుమ మాట్లాడకు!" అంటాడు యజమాని. కొంతసేపటికి కుర్రవాడు మళ్లీ "సేటూ, గా మూలకున్నాయన..." అంటాడు. ఈసారి వాడికి వంటింట్లో పని తగులుతుంది. మూడోసారి కుర్రవాడు నోరు తెరిచేసరికి యజమానే, "మూల కూచుని ఊరికే నీళ్లడిగే ఆయనేగా? పొమ్మను!" అని అరుస్తాడు. మర్నాడు పేపర్లో హోటలు పేరు పడనే పడింది. ఏమని పడిందో మీరే ఊహించుకోండి.

ఇందులో పనిముట్లన్నీ ఉన్నాయి. ఒక కోరిక, ఒక పొరపాటు. చూసే మనకు నిజం తెలుసు, పాత్రకు తెలియదు. ఈ తేడావల్లనే మన పొట్టలో నవ్వు ఊరుతుంది. కుర్రవాడు మూడుసార్లే ఎందుకు చెప్పబోవాలి? మొదటిసారి సంగతి తెలుస్తుంది, రెండోసారి అలవాటవుతుంది, మూడోసారి అది మారిపోతుంది. నాలుగోసారి కూడా అదే జరిగితే మీరే ఆవలిస్తారు. మరి పేపర్లో అంత పరువు పోయినవాడు మారతాడా? మారడు. వచ్చే ఆదివారానికి అదే హోటలు, అదే ఆశ. పరమానందయ్య శిష్యుల కథలు చదివారు గదా? ఒక్కొక్క కథలో గురువుగారికి ఎంత చేటు తెచ్చినా, మరుసటి కథలో మళ్లీ ఆ గురువే, ఆ శిష్యులే. వాళ్లకు బుద్ధి వస్తే మనకు కథలు ఉండవు.

నవ్వు గురించి ఒక వింత కూడా చెప్పాలి. నలుగురు నవ్వుతుంటే ఐదోవాడికీ నవ్వు వస్తుంది. అందుకే "ఐ లవ్ లూసీ"ని నిజంగా జనాన్ని కూర్చోబెట్టి, వాళ్ల ఎదుట నాటకంలాగా ఆడుతూ, మూడు కెమేరాలతో ఒకేసారి చిత్రించారు. జనం లేని చోట ఏం చేస్తారు? 1950 తరవాతి సంవత్సరాలలో చార్లీ డగ్లస్ అనే అమెరికా ఇంజనీరు ఒక యంత్రం చేశాడు. మీట నొక్కితే రికార్డు చేసిన నవ్వులు వినిపిస్తాయి! చిరునవ్వుకు ఒక మీట, పెద్ద నవ్వుకు మరొకటి. మాకు ఆ యంత్రం నచ్చదు. ఎక్కడ నవ్వాలో మరొకరు చెప్పటమేమిటి?

కాని ఆ వింతలోనే మన ఉత్తరం సంగతి కూడా ఉన్నది. బడిలో జనం నవ్వారంటే నాటిక బాగున్నట్టే అని రుజువు కాదు. పక్కవాడు నవ్వాడని నవ్వినవాళ్లూ ఉంటారు.

ఇప్పుడు మన హోటలు కథ మరొకసారి చూడండి. కుర్రవాడు మాట్లాడినదీ అవ్వ మాటే. కాని నవ్వు వాడి మీద పడలేదు. వాడు చెప్పేది నిజం. వినని యజమాని గర్వం మీద నవ్వు పడింది. మీ నాటికలో నౌకరుకు ఏం కావాలి? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. వాడికి కోరిక లేదు, తెలివి లేదు, పొరపాటు కూడా లేదు. ఉన్నదల్లా యాస. యాస ఎవరూ చేసే పొరపాటు కాదు గదా, అమ్మ దగ్గర నేర్చుకున్న భాష.

ఈ పని మీరే కాదు, పెద్దవాళ్లూ చేశారు. తెలుగు సినిమాలలో చాలాకాలం తెలంగాణ మాట రౌడీలకూ, హాస్యగాళ్లకూ కేటాయించి పెట్టారు. ఇప్పుడు అది మారుతున్నది. 2023లో వేణు ఎల్దండి తీసిన "బలగం"లో తాత దగ్గరనుంచి మనమడిదాకా ఆ మాటే మాట్లాడతారు. అంతకన్న మంచి ఉదాహరణ మీకు దగ్గరలోనే ఉన్నది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీకాంత్ శ్రీరాం 2012లో "మై విలేజ్ షో" అని యూట్యూబులో మొదలుపెట్టాడు. అందులో గంగవ్వ అనే ముసలమ్మ లోకమంతా తెలిసిన నటి అయింది. పొలాలలో కూలి చేసి బతికిన మనిషి ఆమె. ఆమె యాసకు అక్కడ ఎవరూ నవ్వరు, అందరిదీ అదే యాస. ఆమె గడుసుతనానికీ, ఎదుటివాణ్ణి నిలవేసి అడగటానికీ నవ్వుతారు.

కాబట్టి, అమ్మాయీ, నౌకరు మాట మార్చకు. యజమానికి కూడా అదే మాట ఇచ్చి చూడు. అప్పుడు ఎక్కడెక్కడ నవ్వు మిగులుతుందో నీకే తెలుస్తుంది. మిగలని చోట నౌకరుకు ఒక కోరిక పెట్టు. సెలవు కావచ్చు, జీతం కావచ్చు, కొత్త సైకిలు కావచ్చు. దానికోసం వాడు యజమానితో ఎత్తుకు పై ఎత్తు వెయ్యనీ.

తిరగరాశాక బడిలో ఇవ్వకముందు అవ్వకు చదివి వినిపించు. ఆమె నవ్విన చోట కాగితం అంచున ఒక గీత గీసి, మాకు ఒక ప్రతి పంపు. కాగజ్ పేరు పెట్టుకున్న ఊళ్లో కాగితానికి కొదవ ఉండదనుకుంటాము!