ఇంటింటి ఆరోగ్యము: చిన్న కోత, పెద్ద భయము

కత్తి అనగానే మనవారికి గుండె జారును. సెగగడ్డ లేచినచో పసుపుముద్ద కట్టి, అది తనంతట పగులువరకు కూర్చుందుము. అందుచేత వీధి చివరి క్లినిక్కులోనే ముగియు చికిత్సలను గూర్చి ఈ నెల నాలుగు మాటలు చెప్పదలచితిమి.

గడ్డ కోసి చీము తీయుట, గాయమునకు కుట్లు వేయుట, మాంసములోనికి పెరిగిన కాలిగోరు తీయుట, వీనికి సాధారణముగా ఆసుపత్రిలో పడక అక్కరలేదు. ఆ చోటు మాత్రమే మొద్దుబారుటకు సూదిమందు వేయుదురు. మనిషి తెలివితోనే ఉండును.

చీము నిలిచిన గడ్డలోనికి మింగిన మందు బాగుగా చేరదు. చీము వెలికివచ్చుటే అసలు వైద్యము. దానిని ఇంట్లో బ్లేడుతో పొడిచినచో విషము రక్తములోనికి ఎక్కవచ్చును. ముఖముమీది కుట్లు సుమారు 5 రోజులకు, కాలివి 10 నుండి 14 రోజులకు విప్పుదురు. మట్టి తగిలిన గాయమైనచో, ధనుర్వాతపు టీకా వేయించుకొని 5 ఏండ్లు దాటినవారు మరల వేయించుకొనవలెను.

మధుమేహము, రక్తము పలుచబడుటకు వాడు మాత్రలు, పడని మందులు, ఈ మూడును డాక్టరుకు ముందే చెప్పవలెను. మధుమేహమున్నవారు కాలి ఆనెలను తామే చెక్కుకొనరాదు.

తమిళనాట ఉన్న మనకు ఇంకొక చిక్కు. మన ‘గడ్డ’ వలెనే అరవపు ‘కట్టి’ కూడ చీముగడ్డకును, కంతికిని చెల్లును. కనుక ఆ మాటతో సరిపెట్టక, ఎన్నాళ్లనుండి ఉన్నదో, సలుపుచున్నదో లేదో, పెరుగుచున్నదో లేదో విడమరచి చెప్పుడు. నొప్పిలేక పెరుగు కంతిని ఉపేక్షింపకుడు. తీసినచో పరీక్షకు పంపుమని అడుగుడు. పెద్దవారి వెంట అరవము బాగుగా వచ్చిన పిల్లలలో ఒకరు వెళ్లుట మేలు.