మతం లేదంటే కులం లెక్క పోవాలా?

2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకొని జరగనున్న జనగణనలో అందరి కులాలనూ నమోదు చేస్తామని కేంద్రం ప్రకటించింది. కులగణన మీద పత్రికల్లో, సభల్లో చర్చ విస్తారంగానే సాగింది. దాని పక్కనే ఉండే మతం గడి గురించి మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. ఏ మతాన్నీ విశ్వసించని దళితులకు అసలు చిక్కు ఆ రెండు గడుల మధ్యనే ఉంది.

2011 జనగణనలో 121 కోట్ల జనాభాకు గాను మతం పేర్కొననివారు సుమారు 29 లక్షల మంది. అంటే నూటికి పావు వంతు కూడా లేరు. ఈ అంకెను చూసి దేశంలో నాస్తికులే లేరని కొందరు తేల్చేస్తారు. మన ఇళ్లకు వచ్చే గణకుడు పేరు వినగానే మతం తానే రాసుకుంటాడన్న సంగతి వారికి తెలియనిది కాదు. హిందూ వివాహ చట్టం కూడా ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు మతస్థులు కాని దాదాపు అందరికీ వర్తిస్తుంది. నమ్మకం లేనివాడు ఈ దేశంలో ఊరకుంటే హిందువుగానే జమ అవుతాడు.

మతవిశ్వాసం లేకుండా బతకడం వల్ల ఒరిగేదేమిటని విద్యార్థులు నన్ను తరచూ అడుగుతుంటారు. భయం పోతుంది, డబ్బు మిగులుతుంది, కాలం కలిసివస్తుంది అని హేతువాదులు చెప్పే సమాధానాలు నిజమే. కానీ మాదిగపల్లెలో పుట్టిన నాకు దక్కిన మొదటి మేలు వేరు. నా పుట్టుకకు నేను చేసుకున్న పాపమేదో కారణమన్న మాట నా మీద పనిచేయడం మానేసింది. మా పెద్దలు అవమానం జరిగిన ప్రతిసారీ ‘ఏ జన్మలో ఏం చేసుకున్నామో’ అని నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పు వెట్టి చేయించుకున్నవాడికి ఎంత లాభసాటిదో లెక్కగట్టలేం. పూర్వజన్మ అబద్ధమని తెలిసిన క్షణాన ముద్దాయి మారిపోతాడు. అప్పటిదాకా బోనులో ఉన్నది నేను, ఇప్పుడు ఊరు. పొరుగు గ్రామాల్లో ఏసు దగ్గర అందరూ సమానమే అన్నవారు కూడా మాల చర్చిని, మాదిగ చర్చిని విడివిడిగా కట్టుకోవడం చూశాక, మరో దేవుణ్ణి వెతుక్కునే ఓపిక నాకు లేకపోయింది.

రెండో మేలు అప్పుకు సంబంధించింది. మా నాయన పోయినప్పుడు మేము దినాలు చేయలేదు, పెద్దకర్మ భోజనాలు పెట్టలేదు. బంధువులు కొందరు ఏడాది పాటు మా గడప తొక్కలేదు. కానీ మూడు రూపాయల వడ్డీకి అప్పు తేవలసిన అగత్యమూ తప్పింది. ఆ ఏడు చెల్లెలి నర్సింగ్ ఫీజు కట్టగలిగాం. అమ్మ చేతి గాజులు చేతికే ఉన్నాయి, బొట్టు నుదుటనే ఉంది. కూలి బతుకుల్లో ఒక చావు మూడు నాలుగేళ్ల సంపాదనను మింగేయడం చూసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఉన్నవాడికి కర్మకాండ ఒక వేడుక, లేనివాడికి అది జీతం చేయించే నోటు.

ఇంతకంటే క్రూరమైన ఉదాహరణ జోగిని. దేవతకు పెళ్లి చేసి ఊరందరికీ ఉమ్మడి సొత్తుగా మార్చే ఆ ఆచారానికి బలైనవారిలో అత్యధికులు దళిత బాలికలే. నిజామాబాద్ ప్రాంతంలో హేమలతా లవణం 1980లలో వారి మధ్య పనిచేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 1988లో నిషేధ చట్టం వచ్చింది. కానీ దేవత కోపిస్తుందన్న భయం ఉన్నంతకాలం ఆ చట్టం కాగితం మీదే ఉంటుందని ఆ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. అక్కడ అవిశ్వాసం తీరిక వేళల తాత్విక చర్చ కాదు. ఒక ఆడపిల్ల ఒంటికి రక్షణ.

హేమలత కవి గుర్రం జాషువా కుమార్తె. 1960లో ఆమెను వివాహమాడిన లవణం, గోరా కుమారుడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. నాస్తికత్వం కారణంగా అధ్యాపక ఉద్యోగాన్ని పోగొట్టుకున్నారు. 1948లో తన పెద్ద కుమార్తె మనోరమను దళితుడైన అర్జునరావుకు ఇచ్చి సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. ఆయన తాత్వికతతో నాకు కొన్ని పేచీలున్నాయి. కానీ దేవుణ్ణి వదిలినవాడు కులాన్ని ఇంటి గడప దగ్గరే వదలాలని ఆయన గ్రహించారు. నేటి మన హేతువాదులలో ఎందరు గ్రహించారు? గుడికి వెళ్లరు, వేదికల మీద దేవుణ్ణి దునుమాడతారు. కొడుకు పెళ్లి దగ్గరికి వచ్చేసరికి శాఖ, గోత్రం, కట్నం అన్నీ కుదురుతాయి. ఇలాంటి నాస్తికత్వంలో సుఖం ఉంది, ఖర్చు లేదు.

ఖర్చంతా దళిత నాస్తికుడి మీద పడుతోంది. జనన నమోదు దరఖాస్తుల్లో ‘మతం లేదు, కులం లేదు’ అని రాసుకునే వీలు కల్పించాలని తెలంగాణ హైకోర్టు 2023లో ఆదేశించింది. ఆత్మప్రబోధ స్వేచ్ఛను హామీ ఇచ్చే 25వ అధికరణం స్ఫూర్తికి అది తగిన తీర్పే. నా అభ్యంతరం ఆ రెండు మాటలను విడదీయరాని జంటగా చూసే మన అలవాటు మీద. ఆధిపత్య కులంలో పుట్టినవాడు ఆ రెండూ లేవని రాసుకుంటే పోయేదేమీ లేదు. భూమి, ఇంటిపేరు, పరిచయాలు యథాతథంగా ఉంటాయి. మాదిగ యువతి అదే రాస్తే హాస్టల్ సీటు, ఉపకార వేతనం, అత్యాచార నిరోధక చట్టం ఇచ్చే రక్షణ అన్నీ ప్రశ్నార్థకమవుతాయి.

దీనికి మూలం 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు. హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరొక మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డ్ కులస్థుడిగా పరిగణించరాదని దాని మూడో పేరా చెబుతుంది. మొదట హిందువులకే పరిమితమైన ఆ ఉత్తర్వులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. గిరిజనులకు ఇలాంటి మత షరతు లేదు. ఈ పేరా ఆధారంగానే, క్రైస్తవంలోకి మారిన వ్యక్తికి అత్యాచార నిరోధక చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో తీర్పునిచ్చింది. మతం మారిన దళిత క్రైస్తవుడికి మన రాష్ట్రాల్లో కనీసం బీసీ–సి అనే జాబితా ఉంది. ఏ మతమూ లేనివాడికి అదీ లేదు.

అయితే ఉత్తర్వులోని మాటలను జాగ్రత్తగా చదవండి. అది ‘వేరొక మతం’ అంటోంది. ఏ మతమూ లేకపోవడం వేరొక మతం అవలంబించడం ఎలా అవుతుంది? అక్షరార్థంలో మతరహిత దళితుణ్ణి ఆ పేరా బయటకు నెట్టడం లేదు. నెడుతున్నది నమోదు పద్ధతి. 2011లో షెడ్యూల్డ్ కులస్థులను హిందూ, సిక్కు, బౌద్ధ మతాల కింద మాత్రమే లెక్కించారు. మతం లేదన్న దళితుడు ఆ పట్టికల్లో కనిపించడు.

కులం హిందూమతంలోది కదా, మతం వద్దన్నవాడికి కులం ఎందుకని కొందరు ఎద్దేవా చేస్తారు. అద్దె ఇల్లు అడిగినప్పుడు యజమాని నాకు దేవుడి మీద నమ్మకం ఉందా అని అడగడు, ఇంటిపేరు అడుగుతాడు. కులం నా విశ్వాసం మీద నిలబడలేదు, అతని విశ్వాసం మీద నిలబడింది. 1936లోనే ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్ శాస్త్రాల పవిత్రత మీద నమ్మకం పోవాలన్నది కులాన్ని పాటించేవారిని ఉద్దేశించే. వారు నమ్మకం వదలకుండా, బాధితుణ్ణి మాత్రం కులం మరచిపొమ్మనడం ఏ న్యాయం?

కాబట్టి అడగవలసింది స్పష్టంగానే ఉంది. మతం గడిలో ‘మతం లేదు’ అన్న జవాబుకు ప్రత్యేక సంకేతం ఉండాలి. ఆ జవాబు ఏదైనా షెడ్యూల్డ్ కులం గడి తెరుచుకోవాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. ప్రశ్నావళిని, గణకులకిచ్చే సూచనలను మారిస్తే చాలు. మూడో పేరాను పూర్తిగా తొలగించాలన్న పోరాటం ఇంకా పెద్దది, అది వేరుగా సాగాలి.

జనగణనలో మతం లేదంటే కుల ధ్రువపత్రం రద్దవుతుందేమోనని మా విద్యార్థులు కొందరు భయపడుతున్నారు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తుల వివరాలు గోప్యం, వాటిని సాక్ష్యంగా వాడటానికి వీల్లేదు. నా ఇంటికి గణకుడు వచ్చినప్పుడు మతం లేదని, కులం మాదిగ అని రెండూ చెబుతాను. ఈసారి గణకులు వివరాలను మొబైల్ యాప్‌లోనే నమోదు చేస్తారు. ఈ రెండు జవాబులనూ కలిపి ఆ యాప్ స్వీకరిస్తుందా, లేక మొదటి దాన్ని మార్చితే తప్ప రెండో గడిని తెరవదా అన్నది ఢిల్లీలోని రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం తేల్చాలి. విద్యార్థి సంఘాలు గణకుడు గుమ్మంలోకి వచ్చాక కాక, ఇప్పుడే ఆ కార్యాలయానికి ఉత్తరాలు రాయాలి.