దుప్పట్లు సరే, సందుల సంగతేటి?

పోస్టు కాస్త పెద్దది, ఓపికగా చదవండి.

డిసెంబర్ వచ్చిందంటే మన ఏజెన్సీ నుంచి రెండు రకాల ఫొటోలే కనిపిస్తాయి. ఒకటి, లంబసింగి మంచులో టూరిస్టుల సెల్ఫీలు. రెండోది, హాస్టల్ వరండాలో పిల్లల్ని వరసగా నిలబెట్టి దుప్పట్లు పంచడం. ఒకదాంట్లో చలి సరదా, ఇంకోదాంట్లో చలి జాలి. అసలు ఆ చలి గదిలోకి ఎటు నుంచి దూరుతోంది, దాన్ని ఎలా ఆపాలి అనే మాట మాత్రం ఎక్కడా వినపడదు. దుప్పట్లు ఇచ్చేవాళ్లని నేను తప్పు పట్టడం లేదు. కానీ తలుపు కింద రెండు వేళ్ల సందు ఉన్న గదిలో ఎన్ని దుప్పట్లు కప్పినా ముక్కు, చెవులు గడ్డ కడుతూనే ఉంటాయి. ముందు సందు మూయాలి, తర్వాతే దుప్పటి. నా వాదన ఇంతే.

విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకి ఇది అర్థం కావడం కష్టం. ఇక్కడ సముద్రం పక్కనే ఉంది కాబట్టి జనవరిలో ఫ్యాన్ ఆపేస్తే సరిపోతుంది. పాడేరు, అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి, లంబసింగి సుమారు 1000 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు మబ్బు లేని రాత్రి నేలలోని వేడంతా ఆకాశానికి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి కొండ మీంచి జారి లోయలో నిలిచిపోతుంది. అందుకే చింతపల్లి, మినుములూరు పేర్లు ఏటా ఒంటి అంకె ఉష్ణోగ్రతలతో పేపర్లోకి ఎక్కుతాయి.

"చలి మనకి కొత్తా? మన తాతలు బతకలేదా?" అని చాలామంది అంటారు. బతికారు. కానీ వాళ్ల ఇల్లు ఎలా ఉండేదో చూడండి. మందపాటి మట్టి గోడ, కిందికి దిగిన చూరు, వంగి వెళ్లే చిన్న తలుపు, కిటికీలు లేకపోవడం, మధ్యలో రాత్రంతా కణకణలాడే పొయ్యి. పగలు పట్టిన వేడిని మట్టి గోడ రాత్రికి మెల్లగా వదులుతుంది. ఇప్పుడు మన ఇళ్లు సగం మారాయి. గడ్డి, నాటు పెంకు పోయి రేకు వచ్చింది. గ్యాస్ వచ్చాక చాలా ఇళ్లల్లో పొయ్యి బయటికి పోయింది. ఊపిరితిత్తులకి అది మంచిదే. కానీ కాచే పొయ్యి పోయింది, వేడిని నిలిపే కప్పూ పోయింది, చూరు కింద సందు మాత్రం అలాగే ఉండిపోయింది. రేకు తొందరగా చల్లబడుతుంది. మన ఊపిరిలో తేమ దానికి తగిలి తెల్లారేసరికి చుక్కలుగా మంచం మీద పడుతుంది. పాత ఇంట్లో ఇంత చలి లేదని ముసలివాళ్లు అంటే ఊరికే అనడం లేదు.

ఇక్కడ స్టీల్ ప్లాంట్ కొలిమికి కూడా లోపల ప్రత్యేకమైన ఇటుకలతో లైనింగ్ ఉంటుంది. అంత మంట ఉన్నా వేడి బయటికి పోకుండా కాపాడుకోవాల్సిందే. మరి ఒక మనిషి ఒంటి వేడి ఎంతని?

చేయాల్సిన పని పెద్ద ఖర్చుది కాదు. గాలి వీచే రాత్రి ఒక అగరుబత్తి వెలిగించి తలుపు అంచులు, కిటికీ చెక్కలు, గోడ మీద కప్పు ఆనే చోటు దగ్గర తిప్పండి. పొగ ఎక్కడ వంగితే అక్కడ సందు ఉన్నట్టే. గోడ బీటలకి ఎర్రమట్టి, తరిగిన గడ్డి, ఊక కలిపి మెత్తితే చాలు. సంక్రాంతి ముందు ఎలాగూ ఇళ్లు అలుకుతాం. వానలు తగ్గగానే, కోతల హడావిడి మొదలవక ముందే, బీటల వరకైనా పూడ్చేస్తే చలికాలమంతా పనికొస్తుంది. గడప లేని తలుపు అడుగున పాత సైకిల్ ట్యూబ్ పొడుగ్గా కోసి మేకులతో కొట్టొచ్చు. రాత్రికి గోనె సంచిలో ఊక నింపి తలుపు వార పెట్టొచ్చు. రేకు కింద వెదురు తడిక కట్టి మట్టి పూస్తే చుక్కలు తగ్గుతాయి. పడుకునే చాప కింద ఎండు గడ్డి పరిస్తే నేల చలి అంతగా ఎక్కదు.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవొద్దు. మొదటిది, ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే అన్నీ మూసేయకూడదు. కింద సందులు మూసి, పైన పొగ పోయే దారి తెరిచే ఉంచాలి. ఇంట్లో పొగ నిలిస్తే చంటిపిల్లలకి న్యుమోనియా ముప్పు పెరుగుతుంది. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుంటే ఇంకా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొయ్యి దగ్గర గోనెలు, ప్లాస్టిక్ కూడా వద్దు. రెండోది, పాత సిమెంట్ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని కొయ్యకండి, రంధ్రాలు పెట్టకండి. ఆ దుమ్ము క్యాన్సర్ తెస్తుంది.

హాస్టళ్ల సంగతికొస్తే, ముప్పై నలభై మంది పడుకునే గదిని డబ్బాలా మూసేయమని నేను అనడం లేదు. ఒకరి దగ్గు అందరికీ అంటుకుంటుంది కాబట్టి పైన వెంటిలేటర్ తెరిచే ఉండాలి. కానీ పగిలిన కిటికీ అద్దం వెంటిలేటర్ కాదు. అట్టముక్క అడ్డం పెట్టుకుని పడుకునే పిల్ల నాలుగింటికి లేచి టెన్త్ పరీక్షలకి ఏం చదువుతుంది? అధికారులకి నా విన్నపం ఒక్కటే: అద్దాలు, గడియలు, తలుపు అడుగులు సెప్టెంబర్, అక్టోబర్‌లోనే చూడండి. జనవరిలో మంజూరైన రిపేరు ఎండాకాలంలో పూర్తయితే ఏం లాభం?

ఇళ్ల పథకాలకీ ఇదే మాట. 2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ కింద పీవీటీజీ గూడేల్లో పక్కా ఇళ్లు మంజూరు చేశారు. పక్కా అంటే సిమెంటు ఒక్కటే కాదు. గడప, బిగువుగా పడే కిటికీ రెక్క, పొగ పోయే దారి కూడా అందులో భాగమే. మైదానంలో గీసిన ప్లాన్ కొండ మీద అలాగే దించితే కుదరదు. ఇల్లు కట్టేటప్పుడే ఇంజినీరు గారిని, మేస్త్రీని అడగాలి. అప్పుడు అడిగితే ఒక చెక్క, రెండు ఇటుకల పని. తర్వాతైతే మళ్లీ అర్జీ, మళ్లీ తిరుగుడు.

దసరా సెలవులకి ఊరెళ్లే హాస్టల్ మిత్రులు మన ఇంటితో పాటు, ఒంటరిగా ఉండే ముసలమ్మ ఇంటికి కూడా ఒక అగరుబత్తి పట్టుకెళ్లండి. ఎక్కడెక్కడ సందులు దొరికాయో, దేంతో మూశారో కింద రాయండి. మీ ఊళ్లో పెద్దవాళ్లు వాడే పద్ధతి వేరే ఉంటే అది తప్పకుండా రాయండి.