సూదిపోటు ఎవరి తప్పు?

జిల్లా ఆసుపత్రిలో ఉదయము పరగడుపున వచ్చిన రోగుల వరుస రక్తపరీక్షల గది తలుపు దాటి వరండా చివరవరకు సాగియుండగా, లోపల ల్యాబ్ టెక్నీషియను ఒకామె రోగి జబ్బకు రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో నరమును వ్రేలికొనతో తడిమి, స్పిరిటు దూదితో తుడిచి, సూది గ్రుచ్చి, గొట్టములు నింపి, పట్టీ వదలించి, సూది తీసి, దూది యద్ది, ఊపిరి త్రిప్పుకొనకయే తరువాతివారి పేరు పిలుచుచుండును. చూచువారికి అపాయమంతయు సూది గ్రుచ్చుటయందే యున్నట్లు తోచును. నిజమునకు ఆ సూది నరమునుండి వెలువడిన పిదపనే ఆమెకు గండము ఆరంభమగును. రోగి తటాలున చేయి విదల్చుట, గొంతువరకు నిండిన డబ్బాలో మరియొక సూదిని క్రుక్కుట, ఎడమచేత మూత పట్టుకొని కుడిచేతి సూదికి తొడుగబోవుట మొదలగునవన్నియు సూదిపోటునకు దారులే. వాడిన సూదికి మూత పెట్టరాదని శిక్షణలో అందరికిని చెప్పుదురు. కాని ఆ సూదిని వేయవలసిన డబ్బా పది అడుగుల దూరమున, మరియొక బల్లక్రింద నున్నప్పుడు, మూత పెట్టక ఆమె చేయునదేమి?

టీకా వేయించుకొననివారికి హెపటైటిస్ బి రోగి నెత్తురంటిన సూది గ్రుచ్చుకొన్నచో ఆ వ్యాధి సంక్రమించు అవకాశము నూటికి 6 మొదలు 30 వరకు ఉండునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది, హెచ్.ఐ.వి. విషయమున అది వేయింటికి సుమారు 3 మాత్రమే. మనవారు భయపడునది రెండవదానికి, ఉపేక్షించునది మొదటిదానిని. ఎండిన నెత్తుటి మరకలో సైతము 7 దినములు బ్రతుకగల ఆ హెపటైటిస్ క్రిమికి, ఆరు నెలల వ్యవధిలో వేయు 3 మోతాదుల టీకా చిరకాలముగా చేతనుండియు, ఉద్యోగమున చేరిన దినముననే దానిని వేయింపని యజమానులు కలరనుట విచారకరము.

ఇంతకంటెను విచారింపవలసినది మరియొకటి కలదు. సూది గ్రుచ్చుకొన్నదని పైవారితో చెప్పగానే మొట్టమొదట వినవచ్చు మాట "చూసుకుని చేసుకోవద్దా?" అనునది. ఆ మాటకు జడిసి ఆమె గాయమును దాచును. దాచుటవలన పోవునది కాలము. హెచ్.ఐ.వి. సోకకుండ ఇచ్చు మందులు కొద్ది గంటలలోనే మొదలిడవలెను, 72 గంటలు దాటిన పిదప వాటివలన ఫలితముండదు, మొదలిడిన పిమ్మట 28 దినములు మానక వాడవలెను. గాయమును కుళాయి నీటితో, సబ్బుతో కడుగవలెనే గాని పిండరాదు, వ్రేలు నోట బెట్టుకొనరాదు. (వ్రేలు తెగినంతనే నోట బెట్టుకొనుట మనకు పసితనపు అలవాటు, కంగారులో అదియే ముందు వచ్చును.)

పోటు తగిలినవాని అజాగ్రత్తయే పోటునకు కారణమను వాదము ఎంత తప్పో వైద్యచరిత్రయే చూపినది. 1847లో వియన్నా నగరమున యాకోబ్ కొలెచ్కా అను ఆచార్యుడు శవపరీక్ష జరుపుచుండగా విద్యార్థి చేతి కత్తి ఆయన వ్రేలికి తగిలినది. ఆ గాయము విషమించి ఆయన మరణించెను. ఆ మరణమును పరిశీలించియే ఆయన మిత్రుడు సెమ్మెల్వైస్ బాలెంతల ప్రాణములు దీయు జ్వరమునకు మూలము కనుగొని, వైద్యులచేత చేతులు కడిగించెను. కత్తి పట్టినదొకరు, బలియైనదొకరు. నేడు మన ఆసుపత్రులలో చెత్తసంచి నెత్తునపుడు అరచేత సూది దిగు పారిశుద్ధ్య కార్మికురాలి గతియు ఇదియే. ఆమె ఎవరి నెత్తురును తీయలేదు, ఏ మూతను మరచిపోలేదు.

చట్టము లేదనుకొనరాదు. సూదులకు పొడుచుకొని బయటికిరాని తెల్లని డబ్బా నుంచవలెననియు, సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతముల టీకాలు వేయింపవలెననియు, ఏటేట ఆరోగ్యపరీక్ష జరుపవలెననియు 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నియమములు యజమానినే బాధ్యుని చేసినవి. అమెరికాలో 2000లో వచ్చిన చట్టమైతే, పని ముగియగానే ముల్లు ముడుచుకొనునట్టి సురక్షితపు సూదులను వాడవలెననుటతో ఆగక, ఏ సూదిని కొనవలెనో నిర్ణయించునపుడు దానిని చేతబట్టు సిబ్బంది అభిప్రాయమును అడిగి తీరవలెనని విధించినది. మనకు టెండరులో తక్కువ ధర పలికినదే మంచి సూది.

వేకువనే మోటారుసైకిలుపై ఇంటింటికి వచ్చి రక్తము తీసుకొనిపోవు కుర్రవాని సంగతి మరింత అన్యాయము: మంచముప్రక్కన చాలని వెలుతురులో, ఒకే జత గ్లౌజులతో ఎన్ని యిండ్లు తిరుగుచున్నాడో, వాడిన సూదిని సంచిలో ఏ అరలో వేసికొనుచున్నాడో, అతనికి టీకా వేయించినదెవరో అడుగువారు లేరు. గ్లౌజులు మార్చకుండుటవలన చేటు అతనికే కాదు, తరువాతి యింటి రోగికిని కలదు.

కావున ప్రతి కుర్చీప్రక్కన చేయి చాచినంత దూరమున డబ్బా, క్యాజువాలిటీలో రాత్రింబవళ్లు మందు, ఒప్పందపు కార్మికులకు సైతము యజమాని ఖర్చుతో టీకా ఉండి తీరవలెను. ఇక ఏడాది పొడవున ఒక్క సూదిపోటైనను నమోదుకాని పెద్దాసుపత్రి పుస్తకము తనిఖీకి వచ్చిన అధికారి కంటబడినచో, ఆయన దానిని మెచ్చుకొని సంతకము చేయుటకు బదులు, టెక్నీషియనును, ఆయాను, పారిశుద్ధ్య కార్మికురాలిని వేరువేరుగా కూర్చుండబెట్టి, పోటు తగిలిననాడు ఎవరితో చెప్పుకొన్నారని అడుగవలెను.