అటకమీది గది

ఇంటిలో చోటు చాలనప్పుడు మన చూపు మొట్టమొదట అటకమీదికి పోవును. హనుమకొండ, మట్టెవాడ, గిర్మాజీపేట ప్రాంతములలో ఇంకను అక్కడక్కడ నిలిచియున్న పాత పెంకుటిండ్లలో దూలములపై పలకలు పరచిన అటకలు కలవు. ధాన్యపు బస్తాలకును, పండుగకు మాత్రమే దించు గంగాళములకును, విరిగిన ఊయెలలకును అవి ఆశ్రయములు. అట్టి చోటును గదిగా మార్చుకొనవలెనను కోరిక మాకును కలిగినది. ఆ పనిలో మేము చేసిన పొరపాటును ముందు చెప్పెదము; అలంకారముమాట తరువాత.

మా పెద్దమ్మాయి చదువుకొనుటకు వేరుగా చోటు లేకుండెను. మాఘమాసములో అటకను ఖాళీచేయించి, గోడలకు వెల్ల వేయించి, క్రింద కొత్తవాడ జంపఖానా పరచి, కిటికీకి తెర కట్టి, పుస్తకముల బల్ల అమర్చితిమి. చూచినవారెల్ల మెచ్చుకొనిరి. వైశాఖము వచ్చినది. ఒకనాటి మధ్యాహ్నము అమ్మాయి మెట్లు దిగుచు కన్నులు తిరిగి గోడ పట్టుకొని కూలబడినది. తడిగుడ్డతో ఒడలు తుడిచి, నీరు త్రాగించి, సేదదీరిన పిమ్మట ఇన్నాళ్లు చెప్పలేదేమని అడిగితిమి. "నీవు అంత ముచ్చటపడి చేయించితివి గదమ్మా, ఉక్కగా నున్నదని ఎట్లు చెప్పుదును?" అనినది. ఆ మాట మా మనస్సున ములుకువలె నాటినది. ఆ గదిని ఉదయము చూచితిమి, సాయంకాలము చూచితిమి. ఎండవేళ ఒక్క గడియయైనను అందు కూర్చుండి చూడలేదు.

మరునాడు రెండుగంటలవేళ మేమే పైకెక్కి కూర్చుంటిమి. కారణము తెలియుటకు ఎంతోసేపు పట్టలేదు. పెంకు ఎండకు కాగి ఆ వేడిమిని గదిలోనికి విడుచుచుండును. వేడిగాలి తేలిక గనుక పైకెగసి కప్పుక్రింద నిలిచిపోవును. దానికి బయటికి త్రోవ లేనిచో విసనకఱ్ఱయైనను, విద్యుత్తు పంకాయైనను ఆ వేడిగాలినే త్రిప్పును.

కనుక మూడు పనులు చేయించితిమి. మొదటిది, పగిలిన పెంకులు మార్పించి పైన ఎండను తిరుగగొట్టు తెల్లనిపూత వేయించుట. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పులకై ఒక విధానమునే ప్రకటించినది. సున్నపుపూతయైనను మేలే, కాని వానకు కొట్టుకొనిపోవును గనుక ఏటేట వేయవలెను. రెండవది, ఎదురెదురుగానున్న రెండు గోడలలోను కప్పునకు దగ్గరగా గాలిరంధ్రములు పెట్టించి, పక్షులు చొరకుండ జాలి బిగించుట. మూడవది, వాసములక్రింద జానెడు ఎడము విడిచి పలుచని పలకలతో లోకప్పు వేయించుట. ఆ ఎడములోని గాలి రంధ్రములగుండ వెలికి పోవుచుండును. విద్యుత్తు తీగలను మాత్రము గొట్టములలోనే నడిపింపవలెను. ఎండిన కఱ్ఱకు నిప్పురవ్వ చాలును.

పిమ్మట బరువు సంగతి. నివాసపుగది నేల చదరపు మీటరునకు సుమారు 200 కిలోల బరువు మోయగలుగునట్లు ఉండవలెనని మన దేశపు నిర్మాణప్రమాణము. వంటపాత్రల కొఱకు కట్టిన అటక దానికి చాలునో చాలదో వడ్రంగి దూలములను తట్టిచూచి, చెదలు వెదకి చెప్పినగాని తెలియదు. అనుమానమున్నచో ఇంజనీరును పిలిపింపవలెను. 500 లీటర్ల నీటితొట్టి నిండినచో నీరే 500 కిలోలు! దానిని అటకపై నుంచరాదు. పైభాగము తేలికగా నుండవలెనను నీతిని మన పెద్దలు ఎఱుగనిది కాదు. రేచర్ల రుద్రుడు పాలంపేటలో 1213లో కట్టించిన రామప్పగుడి శిఖరమునకు నీటిపై తేలునంత తేలిక ఇటుకలు వాడిరి. 2021లో ప్రపంచవారసత్వ సంపదగా గుర్తింపబడిన ఆ గుడిని చూడబోయినపుడు పిల్లలకు ఈ సంగతియు చెప్పుడు.

నిచ్చెనతో గది కాదు. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లకు మించక, పాదము మోపు వెడల్పు 25 సెంటీమీటర్లకు తగ్గక, ప్రక్కన చేతిపట్టు ఉండవలెను. కప్పునకు ఆస్బెస్టాస్ రేకులున్నచో వానిని కోయుట, తొలుచుట, పగులగొట్టుట కూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన రోగములు తెచ్చును. పని తెలిసినవారిచేతనే తీయింపవలెను.

అమరిక యిక సులభము. కప్పు వాలి తల తగులుచోట పొట్టి అలమరలును, పరుపును ఉంచి, నిటారుగా నిలువగల నడిమిభాగమును నడకకు విడిచితిమి. బల్లను ఉత్తరపు కిటికీకడకు జరిపితిమి. అచ్చట వెలుగు కలదు, తీక్ష్ణమైన ఎండ లేదు. ముదురురంగు తెర తీసివేసి తెల్లని నూలుతెర కట్టితిమి.

ఇంతచేసినను నడివేసవి మధ్యాహ్నమున అది క్రిందిగదివలె చల్లగా నుండునని చెప్పజాలము. ఆ నెలలలో అమ్మాయి పండ్రెండు గంటలకు పుస్తకములతో క్రిందికి దిగివచ్చును. ముందరిగదిలో ఒక మూల ఆమెకొఱకు విడిచితిమి. బంధువులు వచ్చినను ఆ మూల ఆమెదే.

ఇంటిలో మిగిలిన చోటు తఱచుగా నోరువిప్పి అడుగనివారికే దక్కును: ఆడపిల్లకు, క్రొత్తకోడలికి, పనిచేయుపిల్లకు. వారు బాగున్నదనియే చెప్పుదురు. కావున అటకపై ఎవరికైనను పడక వేయుటకు పూర్వము, రోహిణికార్తెలో రెండుగంటలవేళ తలుపు మూసికొని ఒక గంటసేపు మీరే అందు కూర్చుండుడు. ఏమి మార్చవలయునో ఆ గదియే మీకు చెప్పును.