గైడు చెప్పని తారీఖు

పుదుచ్చేరిలో మాకు డబ్బులకు చూపించిన చరిత్ర సముద్రపు ఒడ్డున మొదలై కాలవ దగ్గర ఆగిపోయింది. కాలవకు ఇటు తెల్ల ఊరు, అటు నల్ల ఊరు. డూప్లే విగ్రహం, పసుపు గోడలు, కాగితప్పూల తీగలు. ఫోటోలు దిగండి, చాలు. దండెత్తి వచ్చినోడి ఇల్లు సంస్కృతట. వాడి కింద బతికినోళ్ళ వీధి మురికట.

మేం అడుగుతున్నాం: డూప్లే దర్జాకు డబ్బెక్కడిది? 1750 డిసెంబర్‌లో నాసిర్ జంగ్ హతమయ్యాక, ఇదే ఊళ్ళో ముజఫర్ జంగ్‌ను దక్కన్ సుబేదారుగా గద్దెనెక్కించాడు డూప్లే. ప్రతిఫలంగా మచిలీపట్నం మీద హక్కు రాయించుకున్నాడు. 1753లో సలాబత్ జంగ్ శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ సర్కార్లను బుస్సీ సైన్యం ఖర్చులకు అప్పజెప్పాడు. కోస్తా రైతు కట్టిన శిస్తుతో ఫ్రెంచి తుపాకి పేలింది.

సంతకాలు పెట్టింది మా పేర్లున్న నవాబులే. అయితే? వాళ్ళ దస్తర్‌ఖాన్ మీద దూదేకుల సాయిబుకు ముద్ద దొరికిందా? వాళ్ళ లెక్క మాత్రం మా ఖాతాలో రాస్తారు.

ఇంకో లెక్క చూడండి. 1748లో ఇంగ్లీషువాళ్ళ ముట్టడి నడుస్తుండగా వేదపురీశ్వరుడి గుడిని ఫ్రెంచివాళ్ళు కూలగొట్టారు. డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్ళై తన దినచర్యలో ఆ సంగతి రాసిపెట్టాడు. పిళ్ళై మేడ ఇప్పటికీ నిలిచే ఉంది. మేడ చూపే గైడు నోట ఆ గుడి మాట రాలేదు.

ఇది ఎత్తడం క్రైస్తవుల మీదికి ఎవర్నో ఉసిగొల్పడానికి కాదు. ఆనాటి కూల్చివేతకు ఈనాడు చర్చిలో మోకరిల్లే మనిషి జవాబుదారీ కాడు. సరిగ్గా ఆ ఇన్సాఫే మాకూ కావాలి. డూప్లే కాలంలో గుడి కూలితే పాత సంగతి. ఏ బాద్షా కాలంలోనో కూలిందంటే మాత్రం నిన్నటి సంగతి. దానికి 1992లో బాబ్రీ మసీదును బాకీ కింద జమ కట్టుకున్నారు. ఇంకా వసూలు ఆగలేదు.

1954లో ఫ్రెంచివాళ్ళు పుదుచ్చేరినీ, మన యానాంనీ వదిలిపోయారు. 1962లో కాగితాల మీద కూడా పోయారు. వాళ్ళ కళ్ళు మాత్రం ఇక్కడే వదిలిపెట్టారు. ఆ కళ్ళతోనే ఊరు చూపిస్తున్నారు. అందుకే ముల్లా వీధీ, ఖాజీ వీధీ, కుత్బా మసీదూ మా టూరులో లేవు.

మమ్మల్ని పొగడమని అడగటం లేదు. ఎవరు చేసినా ఆక్రమణను ఆక్రమణే అనండి. గుడి కూల్చిన వాడిని పేరుతో చెప్పండి, మతంతో కాదు. కాలవ దాటి నడవండి. అక్కడ మనుషులున్నారు.