ఆకలి కోచింగ్ ఇవ్వదు

ఈ మధ్య ఒక సన్మాన సభలో మళ్లీ అదే పాట వినాల్సి వచ్చింది. ఆకలి తెలిసిన బిడ్డకే పతకం వస్తుందట, పేదరికాన్ని మించిన గురువు లేదట. ఆ మాటన్న పెద్దమనిషి కారు దిగి వేదికెక్కేదాకా పక్కన ఇంకొకడు గొడుగు పట్టుకుని నడిచాడు. సరే, అది వదిలేద్దాం.

పేదరికం అంత గొప్ప గురువైతే మన బస్తీల్లో వీధికో ఒలింపియన్ ఉండాలిగా, ఏరీ?

జ్యోతి యర్రాజీ గెలిచిందంటే చాలు, ఛానళ్లన్నీ వాళ్లమ్మ చేసిన పాచిపని, విశాఖలో నాన్న సెక్యూరిటీ గార్డు డ్యూటీ దగ్గరే మొదలుపెడతాయి. ఆ కష్టం నిజమే, కాదన్నదెవరు? కానీ ఆమె పరిగెత్తేది వంద మీటర్ల హర్డిల్స్. 83.8 సెంటీమీటర్ల ఎత్తున్న పది హర్డిల్స్, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 8.5 మీటర్లు, ఆ దూరంలో మూడే అంగలు. ఆ అంగల లెక్క ఖాళీ కడుపు నేర్పుతుందా? ఈ పిల్లలో ఏదో ఉందని కనిపెట్టిన బడి పీటీ టీచరు, హైదరాబాద్‌లో సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) హాస్టలు, తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ కోచింగ్, వీటి గురించి రెండు వాక్యాలు రాస్తే పేపరు అమ్ముడుపోదు కాబోలు.

అసలు విడ్డూరం ఇంకోటుంది. 2002 నుంచి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్‌ది, 13.38 సెకన్లు. 2020లో మూడబిదరి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03కే ముగించింది. రికార్డు ఇచ్చారా? లేదు. అక్కడ ఆమెకు డోపింగ్ పరీక్ష చేసిన నాథుడే లేడు! 2022లో కోజికోడ్‌లో 13.09. వీపున తోసిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, హద్దేమో 2.0. పోనీ, గాలిని తిట్టలేం. చివరికి ఆ మే నెలలో సైప్రస్ వెళ్లి 13.23 పరిగెత్తితే గానీ పేరెక్కలేదు. అదీ స్వదేశంలో తానే పరిగెత్తినదానికంటే నెమ్మదిగా! మూడబిదరి పరుగును చెల్లకుండా చేసింది వాళ్లమ్మ చీపురు కాదు మహాశయా, మన నిర్వాకం.

కల్లెడ ఊరి పిల్ల దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం తెచ్చాక కోటి రూపాయలు, స్థలం, ఉద్యోగం ప్రకటించారు. సంతోషం. ఊళ్లో ఆ పిల్లను వెక్కిరించిన రోజుల్లో ఆ గడప తొక్కిన నాయకుడెవరో చెప్పండి. ఇప్పుడు మాత్రం ప్రతి ఫ్లెక్సీ మీదా నేతలు నిలువెత్తున, గెలిచిన పిల్ల ఏ మూలో తపాలా బిళ్లంత.

మరేం చేయాలంటారా? జిల్లాకో సింథటిక్ ట్రాకు, హాస్టల్లో రోజూ గుడ్డూ పాలూ, ఇలా చాలానే ఉన్నాయి. కానీ పీటీ పీరియడ్‌ను లెక్కల మాస్టారు లాక్కునే బళ్లున్నాయి, అపార్టుమెంటులో నడిచే బళ్లున్నాయి, అసలు పీటీ టీచరే లేని బళ్లున్నాయి. ముందు ఆ ఖాళీలు నింపండి. శాలువాల సంగతి తర్వాత చూద్దాం.